బెటర్ కాల్ సాల్ నాలుగో సీజన్ చివర: జిమ్మీ ఏడుపు నిజమా, నటనా?

గోదారిగట్టు
నిన్న రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని అమెరికన్ సీరియల్ బెటర్ కాల్ సాల్ నాలుగో సీజన్ పూర్తి చేశాను. ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది. ఏడాది సస్పెండ్ అయిన లాయర్ జిమ్మీకి లైసెన్సు తిరిగి ఇవ్వాలా వద్దా అని కమిటీ కూర్చుంది. వాడు చనిపోయిన అన్న రాసిన ఉత్తరం తీశాడు, కాస్త చదివాడు, ఆపేశాడు. కాగితం పక్కన పెట్టి సొంతంగా మాట్లాడాడు. అన్నంత తెలివి తనకి ఎప్పటికీ రాదని, అన్నంత గౌరవం దక్కదని, అయినా మెక్‌గిల్ అనే ఇంటిపేరుకి తగ్గట్టు బతకడానికి ప్రయత్నిస్తానని చెప్పాడు. నేను ఏడ్చేశాను. మా ఆవిడ నిద్రలేచి వచ్చి ఏమైందని అడిగింది.

తీరా బయటికి రాగానే ఏం చేశాడు? సంబరం. లోపల ఒకడికి నిజంగానే కన్నీళ్లు వచ్చాయి చూశావా అని ప్రేయసి, తోటి లాయర్ కిమ్‌తో చెప్పుకుని మురిసిపోయాడు. కిమ్ మొహం పాలిపోయింది. అక్కడ ఆమె ఎంత దెబ్బతిందో నేనూ అంతే దెబ్బతిన్నాను.

అడగాలనుకుంటున్నది ఒక్కటే. ఆ ఏడుపు మొత్తం నటనేనా? నటనే అయితే నాలుగు సీజన్లుగా నేను జాలిపడింది ఎవరి మీద? ఐదు, ఆరు సీజన్లు ఇంకా చూడలేదు, వాటి సంగతులు ఎత్తకండి.

పాతరేడియో
నటనే. వాళ్ల అన్న చక్ మొదటి సీజన్ నుంచీ మొత్తుకుంటున్నది అదే. మనమే చక్‌ని విలన్ అనుకుని వినలేదు. జిమ్మీ చేతికి లా డిగ్రీ ఇస్తే చింపాంజీ చేతికి మెషిన్‌గన్ ఇచ్చినట్టే అన్నాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు.

మిరపబజ్జి
చక్ అంటే నాకు పడదు. కానీ కరెంటు తన ఒంటికి పడదని నమ్మి, ఇంట్లో కరెంటు తీయించేసి, ఐసుపెట్టె పెట్టుకుని, లాంతరు వెలుగులో కేసులు చదివాడు చూడండి, ఆ ఓపికకి మాత్రం దండం. మా ఇంట్లో అరగంట కరెంటు పోతే నాన్న లైన్‌మన్‌కి నాలుగు ఫోన్లు కొడతారు.

గోదారిగట్టు
ఆ ఐసు రోజూ మోసుకొచ్చింది ఎవరు బజ్జీ? జిమ్మీయే కదా. కిరాణా సరుకులు, పేపర్లు, ఐసు. అది కూడా నటనేనా పాతరేడియో గారూ?

పాతరేడియో
అది నటన కాదు, ఒప్పుకుంటాను. కానీ అన్నని చూసుకున్న తమ్ముడే, ఆ జబ్బు ఒట్టిదని విచారణలో చూపించడానికి అన్న జేబులో బ్యాటరీ పెట్టించాడు. రెండూ చేసింది ఒకే చెయ్యి.

రాత్రిడ్యూటీ
గోదారిగట్టు గారూ, అదే ఎపిసోడ్‌లో ఇంకో ఏడుపు ఉంది. మీరు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

చక్ పేరు మీద స్కాలర్‌షిప్ ఇవ్వడానికి, చక్ భాగస్వామిగా ఉన్న లా కంపెనీ హెచ్‌హెచ్‌ఎమ్ ఆఫీసులో పిల్లల్ని ఇంటర్వ్యూ చేస్తారు. క్రిస్టీ అనే అమ్మాయి ఒకప్పుడు దుకాణంలో ఏదో దొంగిలించి పట్టుబడింది. ఆ తర్వాత మారింది, బాగా చదివింది. ఓట్లు లెక్కపెడితే ఆ అమ్మాయికి పడింది ఒక్కటే, అది జిమ్మీ వేసింది. ఇంకోసారి ఆలోచించమని వాళ్లని అడుగుతాడు. ఎవరూ కదలరు.

అప్పుడు బయటికి పరిగెత్తి ఆ అమ్మాయిని ఆపుతాడు. నీకు రాలేదు, వచ్చే అవకాశం మొదటి నుంచీ లేదు అంటాడు. వాళ్లు ఆశ చూపిస్తారు, అది అబద్ధం. నువ్వు ఎప్పుడో చేసిన ఒక్క తప్పునే నువ్వు అనుకుంటారు. వాళ్లు మర్చిపోరు, కాబట్టి వాళ్ల దయ కోసం చూడకు, నీ దారి నువ్వు చూసుకో, అడ్డదారైనా సరే గెలువు. ఆ పిల్ల అయోమయంగా చూస్తుంది. నోట మాట రాదు. అసలు ఆ మాటలు ఆ పిల్లకి చెబుతున్నవి అయితే కదా!

తర్వాత పార్కింగ్‌లో తన పాత కారు ఎక్కుతాడు. తాళం తిప్పుతాడు, స్టార్ట్ అవదు. మళ్లీ తిప్పుతాడు. మళ్లీ. ఇక అక్కడ కుప్పకూలి వెక్కివెక్కి ఏడుస్తాడు. చుట్టూ కమిటీ లేదు, కిమ్ లేదు, చూసే మనిషే లేడు. ఎవరూ చూడని చోట మనిషి ఎందుకు నటిస్తాడు?

నేను ఈ సీన్ మూడుసార్లు చూశాను. చక్ పోయినప్పటి నుంచి పది ఎపిసోడ్లు వాడు కన్నీటి చుక్క రాల్చలేదు. అంత్యక్రియలప్పుడు రాలేదు. ఉత్తరం చదివినప్పుడు కిమ్ ఏడ్చింది, వాడు గిన్నెలో సీరియల్ తింటూ కూర్చున్నాడు. ఆ ఏడుపంతా కారు స్టార్ట్ అవనప్పుడు బయటపడింది.

మిరపబజ్జి
ఈ సీజన్ మొదటి ఎపిసోడ్ గుర్తుందా? చక్ చనిపోవడానికి నేనే కారణమేమో అని చక్ ఆఫీసు భాగస్వామి హావర్డ్ కుమిలిపోతూ వచ్చి చెబితే, జిమ్మీ అయితే ఆ బరువు నువ్వే మోయాలి అనేసి, లేచి చేపకి మేత వేసి, కాఫీ పెట్టుకుంటాడు. నాకు అక్కడే భయం వేసింది.

రాత్రిడ్యూటీ
అదే. ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్లి చక్ మానసిక స్థితి గురించి చెప్పి వచ్చింది జిమ్మీయే. ఆ దెబ్బతోనే హావర్డ్ చక్‌ని ఆఫీసు నుంచి సాగనంపాడు. తన బరువు మోయడానికి ఒకడు దొరికాడు, వాడి నెత్తిన పెట్టేశాడు. అప్పటి నుంచి మనిషి తేలిగ్గా ఈల వేస్తాడు. దుఃఖం లేనివాడికి అంత తేలిక అవసరం లేదు.

పాతరేడియో
కారులో ఏడ్చింది నిజమే, కాదనను. కానీ చక్ కోసం ఏడ్చాడా, తన కోసం ఏడ్చాడా? క్రిస్టీకి ఎవరూ అవకాశం ఇవ్వలేదు, నాకూ ఇవ్వలేదు అని తన మీద తను జాలిపడ్డాడు. అన్న పోయిన బాధ అది కాదు.

సన్నజాజి
తోడబుట్టినవాళ్లు పోతే ఆ రెండూ విడివిడిగా ఉంటాయా అండీ?

నల్లకోటు
నేను హన్మకొండలో ప్రాక్టీస్ చేస్తాను. ఈ సీరియల్‌లో కోర్టు బయటి తతంగం చూసి నాకు ఆశ్చర్యం వేసింది, అంత దగ్గరగా ఉంది. మన దగ్గర 1961 అడ్వకేట్స్ చట్టం సెక్షన్ 35 ప్రకారం స్టేట్ బార్ కౌన్సిల్ డిసిప్లినరీ కమిటీ లాయర్‌ని మందలించవచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయవచ్చు, లేదా రోల్ నుంచి పేరే తీసేయవచ్చు. చక్ కోరింది మూడోది. దక్కింది రెండోది, 12 నెలలు.

చక్ ఎంత పట్టుగా చేశాడో చూడండి. ముందు తను చావుబతుకుల్లో ఉన్నట్టు, బుర్ర పాడైనట్టు కనిపించి జిమ్మీతో తప్పు ఒప్పించుకుని, టేపు రికార్డు చేశాడు. తర్వాత ఆ టేపు ఉందన్న సంగతి జిమ్మీకి చేరేలా చేశాడు. కోపంతో తలుపు పగలగొట్టి వచ్చి టేపు ముక్కలు చేస్తాడని అంచనా వేసి, సాక్షుల్ని ఇంట్లో దాచి కూర్చోబెట్టాడు. తమ్ముడి కోపం ఎంత, ఎప్పుడు పొంగుతుంది అన్నది అణా పైసలతో సహా లెక్కగట్టిన మనిషి. అంతగా తెలిసినవాడికి ఆ తమ్ముడు చిన్నప్పటి నుంచీ ఏం అడుగుతున్నాడో తెలియదంటే నేను నమ్మను.

ఇక అసలు ప్రశ్నకి. నేను కేసుల్లో చాలా కన్నీళ్లు చూశాను. సాక్షిబోనులో ఏడ్చేవాళ్లలో దొంగ ఏడుపు ఏడ్చేవాళ్లు తక్కువ. నిజమైన బాధనే సమయం చూసి బయటికి తీసేవాళ్లు ఎక్కువ. జిమ్మీ మాటల్లో అబద్ధం ఎక్కడుందో చెప్పండి. అన్న నాకంటే తెలివైనవాడు: నిజం. అంత గౌరవం నాకు రాదు: నిజం. అన్న మెప్పు కోసం లాయర్‌నయ్యాను: నిజం. ప్రతి ముక్కా నిజమే. ఆ నిజాన్ని లైసెన్సు కోసం ఖర్చుపెట్టేశాడు. తప్పు అక్కడుంది.

గోదారిగట్టు
నల్లకోటు గారూ, మీ చివరి మాట దగ్గర ఆగిపోయాను. నిజాన్ని ఖర్చుపెట్టడం. బయటికి వచ్చాక వాడు చేసిన పని మళ్లీ చూశాను. క్లర్కుని పిలిచి, మెక్‌గిల్ పేరుతో ప్రాక్టీస్ చేయను, వేరే పేరుకి ఫారం కావాలి అంటాడు. ఐదు నిమిషాల కిందట ఆ ఇంటిపేరుకి తగ్గట్టు బతుకుతానని కమిటీకి చెప్పినవాడు! ఖర్చయిపోయిన డబ్బు సంచీ పారేసినట్టు పేరు పారేశాడు.

నల్లకోటు
మన దగ్గర వకాలత్ మీద ఎన్‌రోల్ అయిన పేరు, నంబర్ వేయాలి. జిమ్మీ పెట్టుకున్న కొత్త పేరు, సాల్ గుడ్‌మన్, హన్మకొండలో చెల్లదు :)

ఫ్రిస్కో_అత్తయ్య
ఎపిసోడ్ మొదట్లో కరవోకే సీన్ గురించి ఎవరూ ఎత్తలేదేం? జిమ్మీ లాయర్ అయిన రోజు పార్టీ. జిమ్మీకి పాట రాదు, గొంతు లేదు, అయినా సరదాగా పాడుతున్నాడు. చక్‌ని బలవంతంగా స్టేజీ ఎక్కిస్తాడు. ముందు బిగుసుకుపోయి నిలబడ్డ చక్, మెల్లగా మైకు తన చేతిలోకి తీసుకుని, అద్భుతంగా పాడి అందరి చప్పట్లూ కొట్టేస్తాడు. పార్టీ జిమ్మీది, పాట జిమ్మీ ఎంచుకున్నది, చప్పట్లు చక్‌కి. జిమ్మీ మొహంలో అసూయ ఉందేమో అని వెతికాను. లేదు. మా అన్న ఎంత బాగా పాడుతున్నాడో చూడండి అన్నట్టు నిలబడి చూస్తాడు. ఆ తర్వాత ఒకే మంచం మీద పడుకుని ఇద్దరూ పాడుకుంటారు.

నాకు ఆ సీజన్ మొత్తానికి అదే గుండె. తర్వాతి గంటంతా ఆ మంచం మీది ఇద్దరూ గుర్తొస్తూనే ఉన్నారు.

మిరపబజ్జి
చక్‌గా వేసిన మైఖేల్ మెకీన్‌కి ఎమ్మీ ఇవ్వకపోవడం అన్యాయం. ఆయనకనే కాదు, ఆరు సీజన్లలో 53 నామినేషన్లు వచ్చి ఈ సీరియల్‌కి ఒక్క ఎమ్మీ రాలేదు. ఒక్కటి కూడా!

పాతరేడియో
ఆ విషయంలో నీతో వందశాతం ఏకీభవిస్తా బజ్జీ.

ఈసెట్_బ్యాచ్
రెండు రోజులుగా చదువుతున్నా, ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను. పాతరేడియో గారూ, మీరు చక్ వైపు మాట్లాడుతున్నారు కాబట్టి మీకే చెబుతున్నా.

నేను టెన్త్ తర్వాత పాలిటెక్నిక్. మా అన్న ఇంటర్, ఎంసెట్, మంచి ర్యాంకు, మంచి కాలేజీ. ఇంట్లో అన్న ఫోటో హాల్లో, నాది బీరువాలో. డిప్లొమా మొదటి ఏడాదిలో రెండు సబ్జెక్టులు పోయాయి. అప్పటి నుంచి బంధువుల్లో నా పేరు ఫెయిలోడు. తర్వాత పట్టుదల పట్టి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరాను, పూర్తి చేశాను. అన్న అప్పటికి హైదరాబాద్‌లో ఒక కంపెనీలో మేనేజర్. అక్కడ ఖాళీలున్నాయని తెలిసి రెజ్యూమె అన్నకి పంపాను. పంపించాను, వాళ్లే పిలుస్తారు అన్నాడు. నాలుగు నెలలు ఎదురుచూశాను. ఆ కంపెనీలోనే చేరిన నా క్లాస్‌మేట్ ఒకరోజు చెప్పాడు: మీ అన్న నీ రెజ్యూమె అసలు ఇవ్వలేదురా అని.

మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్‌లో, తనని హెచ్‌హెచ్‌ఎమ్‌లోకి రానివ్వనిది హావర్డ్ కాదు, సొంత అన్నే అని జిమ్మీకి తెలుస్తుంది. ఆ సీన్‌లో నేను ల్యాప్‌టాప్ మూసేశాను. మిగతాది వారం తర్వాత చూశాను. మెయిల్ రూమ్‌లో పార్సిళ్లు మోస్తూ, రాత్రిళ్లు కరస్పాండెన్స్‌లో అమెరికన్ సమోవా యూనివర్సిటీ డిగ్రీ చదివి, బార్ పరీక్ష పాసై వచ్చి అన్న ముందు నిలబడితే, నువ్వు నిజమైన లాయర్‌వి కాదు అంటాడు. ఆ మాట ఎంత లోపల దిగుతుందో నాకు తెలుసు.

పాతరేడియో
చదివాను తమ్ముడూ. మనసు కష్టంగా ఉంది. మీ అన్న చేసింది తప్పే. ఎందుకు చేశాడో ఎప్పుడైనా అడిగావా?

ఈసెట్_బ్యాచ్
అడిగాను. నువ్వు మధ్యలో మానేస్తే నా పరువు పోతుందనుకున్నా అన్నాడు. నా మీద కోపం కూడా లేదు ఆ గొంతులో. మానేస్తాడు అని పూర్తిగా నమ్మాడు, అంతే. చక్‌లో నాకు కనిపించేది అదే. వాడికి జిమ్మీ మీద పగ కంటే, వీడు మారడు అన్న నమ్మకం పెద్దది. పగ అయితే తగ్గుతుంది, నమ్మకం తగ్గదు.

రాత్రిడ్యూటీ
మూడో సీజన్ చివరి ఎపిసోడ్‌లో చక్ అనేది అచ్చం ఇదే. జిమ్మీ క్షమాపణ చెప్పడానికి వెళ్తాడు. చక్ అరవడు. ప్రశాంతంగా, నువ్వు చుట్టూ ఉన్న అందర్నీ బాధపెడతావు, అది నీ చేతిలో లేదు, కాబట్టి సారీ చెప్పడం మానేసి అదే నువ్వని ఒప్పుకో అంటాడు. వెళ్లేటప్పుడు, నిజం చెప్పాలంటే నువ్వు నాకు ఎప్పుడూ అంత ముఖ్యం కాదు అంటాడు. అన్న తమ్ముడితో ఆడిన ఆఖరి మాట అది.

ఫ్రిస్కో_అత్తయ్య
అది పచ్చి అబద్ధం. ముఖ్యం కాని మనిషి కోసం ఎవరైనా సాక్షుల్ని ఇంట్లో దాస్తారా?

పాతరేడియో
సరే, నా వాదన నేను చెబుతా. చక్ చెప్పిన ఒక్క విషయం అబద్ధమని తేలిందా? తన క్లయింటు కాగితాల్లోని చిరునామాలో జిమ్మీ 1216ని 1261గా మార్చాడు అన్నాడు, మార్చాడు. కమిటీ ముందు అందరూ చక్‌ని పిచ్చివాడిగా చూశారు, కానీ ఆయన అన్నది అక్షరాలా నిజం. బ్యాటరీ గంటా 43 నిమిషాలు జేబులో ఉన్నా ఏమీ కాలేదని తేలింది కాబట్టి జబ్బు మనసుదని రుజువైంది. కానీ జబ్బు మనసుదైతే తమ్ముడు చేసిన మోసం మోసం కాకుండా పోతుందా? జబ్బు మనిషిని విడాకులిచ్చిన భార్య ఎదుట నిలబెట్టి బట్టలూడదీసినట్టు చేశాడు జిమ్మీ. రెబెక్కాని పిలిపించింది అందుకే. ఆ క్రూరత్వం గురించి మీరెవరూ మాట్లాడరు. మొక్కై వంగనిది మానై వంగునా?

మిరపబజ్జి
వాలి సుగ్రీవులే గుర్తొస్తున్నారు నాకు. గుహ ద్వారం మూశాడని వాలి కోపం. ఎందుకు మూశాడో వినడు.

నల్లకోటు
పోలిక కుదరదు. సుగ్రీవుడు అన్న చనిపోయాడని నమ్మి మూశాడు. జిమ్మీ తెలిసి తెలిసి కత్తెర, జిగురు పట్టుకుని రాత్రంతా జిరాక్స్ షాపులో కూర్చుని కాగితాలు మార్చాడు.

రాత్రిడ్యూటీ
పాతరేడియో గారూ, మాను వంగదు అన్నారు కదా. చక్ ఆ మాట అన్న ఎపిసోడ్‌లోనే జిమ్మీ తర్వాత ఏం చేశాడు? ఐరీన్ అనే ముసలావిడ. శాండ్‌పైపర్ అనే వృద్ధాశ్రమాల కంపెనీ మీది కేసులో ఆవిడ రాజీకి ఒప్పుకుని తన వాటా డబ్బు త్వరగా రావాలని ఆవిడ మీద స్నేహితురాళ్లందర్నీ ఎగదోసింది జిమ్మీయే. బింగో ఆట దగ్గర ఆవిడ ఒంటరిగా ఏడుస్తుంటే చూశాడు. ఎన్ని రకాలుగా సర్దిచెప్పినా స్నేహితురాళ్లు కలవరు. చివరికి మైకు ఆన్‌లో ఉన్నప్పుడు, తను చేసిన కుట్ర అంతా ఆ ముసలమ్మలకి వినపడేలా కావాలని కక్కాడు. అందరూ తనని అసహ్యించుకున్నారు, ఐరీన్‌ని దగ్గరికి తీసుకున్నారు. ఆ దెబ్బతో డబ్బు పోయింది. కష్టపడి తెచ్చుకున్న వృద్ధుల కేసులన్నీ పోయాయి.

నువ్వు మారవు అని అన్న తేల్చేసిన తర్వాత చేసిన పని అది. ఎవరి మెప్పూ రాదని తెలిసి చేశాడు.

పాతరేడియో
ఐరీన్ సంగతి నేను మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను. దీనికి నా దగ్గర జవాబు లేదు, ఆలోచిస్తా.

గోదారిగట్టు
అయితే వాడు మంచివాడుగా ఉండగలడు. మరి చక్ పోయిన తర్వాత ఎందుకు మానేశాడు? ఉన్నప్పుడే కదా అన్న అడ్డు?

సన్నజాజి
మెప్పించాల్సిన మనిషి పోయాడు కదండీ.

నాది ఒకటి చెబుతాను. రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉంటుంది. చక్ కదలకుండా మంచం పక్కనే కూర్చుంటాడు. జిమ్మీ తినడానికి ఏదైనా తెస్తానని బయటికి వెళ్తాడు. అప్పుడే అమ్మ కళ్లు తెరిచి, పక్కనున్న చక్‌ని చూస్తూ జిమ్మీ, జిమ్మీ అని పిలిచి ప్రాణం విడుస్తుంది. తిరిగొచ్చిన తమ్ముడు అమ్మ ఏమైనా అందా అని అడిగితే చక్ లేదు అంటాడు.

మా అమ్మ ఆసుపత్రిలో 40 రోజులు ఉంది. రాత్రిళ్లు నేనే. ఇనప స్టూలు మీద కూర్చుని మంచం పట్టీకి తల ఆనించి పడుకునేదాన్ని. గంటకోసారి చెంచాతో బార్లీ నీళ్లు. కాళ్లకి కొబ్బరినూనె. మా అన్నయ్య వేరే దేశంలో ఉండేవాడు, టికెట్ దొరికి బయల్దేరాడు. వాడు దిగడానికి ముందు రాత్రి అమ్మ కళ్లు తెరిచింది. నా మొహంలోకి చూసి, చంటీ, వచ్చావా నాన్నా అంది. చంటి అంటే అన్నయ్య. అంతే, మళ్లీ మాట్లాడలేదు. తెల్లవారి అన్నయ్య వచ్చేసరికి అమ్మ లేదు.

వాడు అడిగాడు, నా గురించి ఏమైనా అందా అని. నేను తల అడ్డంగా ఊపాను. ఎందుకు ఊపానో అప్పుడు తెలియదు. 40 రాత్రులు నావి, ఆ ఒక్క మాట కూడా వాడికేనా అనిపించి ఉంటుంది. పదకొండో రోజు అమ్మ చీరలు మడతపెడుతుంటే వాడు వచ్చి పక్కన కూర్చుని, ఒక నేత చీర ఒళ్లో పెట్టుకుని అంచు నిమురుతున్నాడు. అప్పుడు చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. ఆ చీర నా ఒళ్లో పెట్టి, నువ్వే తీసుకో అన్నాడు.

చక్‌కి పదకొండో రోజు రాలేదు. ఆ అబద్ధం మీదే వాళ్లిద్దరూ చివరిదాకా బతికారు. చక్‌ని నేను ద్వేషించలేను.

ఫ్రిస్కో_అత్తయ్య
సన్నజాజీ, ఆఫీసులో చదివాను. లేచి వాష్‌రూమ్‌కి వెళ్లాల్సి వచ్చింది.

ఈసెట్_బ్యాచ్
అక్కా, చక్ వైపు నుంచి ఎప్పుడూ ఇలా చూడలేదు. అన్నీ సరిగ్గా చేసినవాడికి ప్రేమ దక్కలేదు, ఏదీ సరిగ్గా చేయనివాడికి ఊరికే దక్కింది. రెబెక్కా విషయంలోనూ అంతే కదా. జిమ్మీ లాయర్ జోకులకి ఆమె పడీపడీ నవ్వుతుంది. రాత్రి పడుకునే ముందు చక్ కూడా ఒక జోకు చెప్పి చూస్తాడు. పేలదు. ఆ చీకట్లో చక్ మొహం గుర్తొస్తోంది.

పాతరేడియో
నేను చక్ పక్షం అన్నాను కానీ, మీరంతా ఇప్పుడు చక్ మీద చూపిస్తున్న దయ నేను చూపించలేదు. నేను ఆయన్ని సరైనవాడు అన్నాను, అంతే.

మిరపబజ్జి
గోదారిగట్టు అన్నా, ఒక్కటి చెప్పనా, ఆరో సీజన్‌లో కోర్టు సీన్ వస్తుంది, అందులో

రాత్రిడ్యూటీ
బజ్జీ!! ఆపు!!

ఫ్రిస్కో_అత్తయ్య
ఆయన చూడలేదని మొదటి పోస్టులోనే రాశారు కదా నాన్నా.

మిరపబజ్జి
సారీ సారీ. నోరు మూసుకున్నా.

గోదారిగట్టు
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. చివరి ఎపిసోడ్ నిన్న పూర్తయింది. ఇంకా చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోండి.

బజ్జీ, నువ్వు చెప్పబోయింది నాకు అర్థమైంది. చెప్పనందుకు థాంక్స్.

మొదట నేను అడిగింది, కమిటీ ముందు ఏడుపు నిజమా కాదా అని. 2018లో ప్రసారమైన ఆ సీన్‌కి జవాబు 2022 ఆగస్టు 15న వచ్చిన చివరి ఎపిసోడ్‌లో ఉంది. నేరాలకి పట్టుబడ్డ జిమ్మీ ఏడున్నరేళ్ల శిక్షకి బేరం కుదుర్చుకున్నాడు. సంతకాలు పెడితే చాలు. కానీ జడ్జి ముందు లేచి ఒక్కొక్కటే ఒప్పుకున్నాడు. హావర్డ్ గురించి, కిమ్ గురించి, చివరికి చక్ గురించి. అన్నకి సాయం చేయాల్సిన చోట దెబ్బతీశానని, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పి అన్నకి వృత్తి లేకుండా చేశానని, దాని తర్వాతే ఆయన ప్రాణం తీసుకున్నాడని, దాన్ని మోస్తూ బతుకుతానని చెప్పాడు. తర్వాత పక్కనున్న లాయర్ ఓక్లీ, మీ అన్న సంగతి అసలు నేరమే కాదు కదా అంటే, నేరమే అన్నాడు. ఏడున్నరేళ్లు కాస్తా 86 ఏళ్లయ్యాయి.

అప్పుడు కమిటీ ముందు నిజాన్ని పెట్టి లైసెన్సు కొనుక్కున్నాడు. ఇప్పుడు అదే నిజానికి తన బతుకంతా చెల్లించాడు. జడ్జి గుడ్‌మన్ అని పిలిస్తే, నా పేరు మెక్‌గిల్ అన్నాడు. ఈసారి నేను ఏడవలేదు. లేచి నిలబడ్డాను. మా ఆవిడ ఈసారి అడగలేదు, పక్కనే కూర్చుని చూస్తోంది.

నల్లకోటు
ఓక్లీ చెప్పింది చట్టప్రకారం సరైనదే. ఆ నేరానికి సెక్షన్ లేదు. కాబట్టే ఎవరూ అడగకుండా ఒప్పుకోవాల్సి వచ్చింది.

పాతరేడియో
నిన్నటి నుంచి ఇదే ఆలోచిస్తున్నా. చివరి ఎపిసోడ్‌లో పాత సీన్ ఒకటి వేస్తారు, జిమ్మీ సరుకులు తెచ్చి లాంతరు వెలుగులో సర్దుతుంటాడు. కాసేపు ఉండు, నీ కేసుల గురించి మాట్లాడుకుందాం అంటాడు చక్. జిమ్మీ ఉండడు. నా తప్పులు ఎంచడానికా అంటాడు. నేను ఇన్నాళ్లూ చక్ చేయి చాచలేదనే అనుకున్నాను. ఒకసారి చాచాడు. అప్పటికి వాళ్ల మధ్య ఎన్ని మాటలు పేరుకుపోయాయంటే, ఆ చేయి చేయిలా కనిపించలేదు జిమ్మీకి.

రాత్రిడ్యూటీ
ముఖ్యమైన చోట్ల లాంతరు మూడుసార్లు వస్తుంది కదా. చిన్నప్పుడు టెంటులో చక్ తమ్ముడికి కథ చదివి వినిపించేటప్పుడు, చక్ బల్లని తన్ని తన్ని ఇల్లు తగలబెట్టుకున్నప్పుడు, ఇదిగో ఈ ఆఖరి సీన్‌లో.

ఈసెట్_బ్యాచ్
ఎగ్జిట్ బోర్డు గమనించారా ఎవరైనా? మూడో సీజన్ విచారణ రోజు చక్ కుప్పకూలాక, చివరి షాట్‌లో ఆ బోర్డునే చూస్తూ కూర్చుంటాడు, జుయ్‌మని శబ్దం వస్తుంటుంది. చివరి కోర్టు సీన్‌లో జిమ్మీ చక్ గురించి చెప్పాక మళ్లీ ఎగ్జిట్ బోర్డు చూపిస్తారు. అదే శబ్దం.

గోదారిగట్టు
నేను గమనించలేదు. ఆ సమయానికి ఫ్యాన్ తిరుగుతోంది, శబ్దం వినపడి ఉండదు. ఇవాళ రాత్రి ఫ్యాన్ ఆపి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ చూస్తాను.